పురుగు దున్నిన బురద

నంద్యాల జిల్లాలోని సంజామలనుండి సముద్ర మెంత దూరమని యడిగినచో, నల్లమలలను దాటి తూర్పుగా ఇంచుమించు రెండువందల కిలోమీటర్లు పోవలెనని భూగోళ మెరిగినవారు చెప్పుదురు. భూశాస్త్ర మెరిగినవారు మాత్రము ఇంటిలో పరచిన బండలను చూపి, సముద్రము పాదముల క్రిందనే యున్నదందురు. రెండును నిజమే. ఎర్రమలలకును నల్లమలలకును నడుమ కుందూనది పారెడి లోయలో, పైన కప్పుకొనియున్న నల్లరేగడిని తొలగించి చూచినచో, ఒకనాటి లోతులేని సముద్రమున పొరపొరగా పేరుకొని గట్టిపడిన సున్నపురాయియు, పలకలుగా విచ్చు షేలును, ఇసుక కరడుగట్టిన క్వార్ట్‌జైటును బయటపడును. 1872లో వెలువడిన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గ్రంథమున విలియం కింగ్ అను పరిశోధకుడు కడప, కర్నూలు శిలాసముదాయములను వర్ణించుచు, వాని తరగతులకు బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందూ అని యిచ్చటి పేర్లనే పెట్టెను. అవుకు షేలు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అనునవి నేటికిని ప్రపంచ భూశాస్త్ర వాఙ్మయమున చెల్లుచున్న నామములు. సంజామల రైతు సంతకు పోవు ఊళ్ల పేర్లు ఇంత దూరము పయనించినవని ఆ యూళ్లలో నెందరెరుగుదురో సందేహమే.

ఈ ప్రాంతమున ఇండ్లలోను అరుగులమీదను పరచు నాపరాయి, నార్జి సున్నపురాయి యని శాస్త్రజ్ఞులు పిలుచు శిలయే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దృష్టికి వచ్చిన బెలుం గుహలను భూగర్భజలము తొలిచినదియు ఈ రాతిలోనే. కొలిమిగుండ్ల, బేతంచెర్ల గనులలో పనివాడు పొరసందున ఉలి నిలిపి సుత్తితో కొట్టగా బండ బల్లపరుపుగా విడివడును. మిగిలిన నునుపంతయు ప్రకృతి ముందే సమకూర్చియుంచినది. అట్టి బండ అంచును ఒకమారు నీటితో తడిపి చూడుడు. కాగితపు మందము మొదలు గోటి మందము వరకు బూడిదరంగు గీతలును నల్లని గీతలును ఒకదానిపై నొకటి, తెగక, కలియక, బండ యీ కొసనుండి యా కొసవరకు సాగిపోవుట కన్పట్టును. ఒక్కొక్క గీత ఒక్కొక్క కాలమున సముద్రపు టడుగు. అది పడిన పిమ్మట దానిని కదలించిన ప్రాణి లేదు. ఆ గీతల నడ్డగించి నిలువున దిగిన కన్నము గాని, వంకరగా తొలిచిన సొరంగము గాని, ఒక శంఖము గాని, గుల్లముక్క గాని వెదకినను దొరకదు.

సున్నపురాయి యనగా గుల్లలును శంఖములును కూడి ఏర్పడినదని చిన్ననాట చదువుకొన్నవారికి ఇది వింతగా తోచును. ఈ రాయి పుట్టిన కాలమునకు లోకమున గుల్లగల జంతువే పుట్టలేదు. నీటిలో కరగియున్న సున్నము రసాయనిక కారణములచేతను, సూక్ష్మజీవుల చేష్టలచేతను విడివడి అడుగున పేరుకొన్నది. ఆనాటి నిస్తరంగ జలముల అడుగున సూక్ష్మజీవుల జిగురుపొర చాపవలె పరచుకొనియుండెడిది. దానిని మేయు నత్త లేదు, చించు పీత లేదు. అవుకు షేలులో సర్పిలాకారముగా చుట్టుకొనియున్న ఒబ్రూచెవెల్లా అను సూక్ష్మజీవి యానవాళ్లను లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పరిశోధకులు 2012లో ప్రకటించిరి. కంటి కానని ఆ చుట్టలే ఈ లోయలోని ప్రాచీన జీవులకు ప్రతినిధులు.

బురదను నిలువున తొలుచు విద్య జంతువులకు అలవడినది సుమారు ఏబదినాలుగు కోట్ల ఏండ్ల క్రిందట. ఆ సంఘటన ఎంత గొప్పదో చెప్పుటకు ఒక సంగతి చాలును. కేంబ్రియన్ యుగము ఎచ్చట మొదలైనదని నిర్ణయింపవలసివచ్చినప్పుడు, ప్రపంచ భూశాస్త్రవేత్తలు 1992లో కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్ తీరమున ఫార్చ్యూన్ హెడ్ అను కొండచరియను ప్రమాణముగా నెంచుకొనిరి. అచ్చట వారికి గుర్తుగా దొరకినది ఎముక కాదు, గుల్ల కాదు. పేరు తెలియని యొక పురుగు బురదలో తొలిచిన సొరంగపు ముద్ర. భూమి చరిత్రలోని మహాయుగములలో నొకటి పురుగు కన్నముతో ప్రారంభమైనది. రాజుల పట్టాభిషేకములతో చరిత్రను కొలుచుట కలవాటుపడిన మనకు ఇది కొంత గర్వభంగమే.

అట్టి పురుగులు ప్రవేశించిన బురద ఎట్లుండునో చూడగోరువారు కాకినాడ పోవలెను. గౌతమీ గోదావరి సముద్రమున కలియుచోటికి ఉత్తరమున, హోప్ ఐలాండ్ అను సన్నని ఇసుకదిబ్బ ఇంచుమించు పదునారు కిలోమీటర్ల పొడవున అడ్డుగా సాగి, లోపలి అఖాతమును బంగాళాఖాతపు టలలనుండి కాపాడుచున్నది. అలల తాకిడి లేనిచోటనే సన్నని ఒండ్రు నిలుచును. ఒండ్రు నిలిచినచోట మడచెట్లు పాతుకొనును. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరింగ మడ అడవి అట్లు పెరిగినదే. ఆ యడవి అంచున, చెట్టు నిలువజాలని పల్లమున, పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు తేలు బురదపర్ర కలదు. మన తీరమున పోటుపాటుల ఎత్తు గొప్పదేమియు కాదు. ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు లేచు నీరు ఇచ్చట ఒకటిన్నర మీటరునకు మించి లేచుట యరుదు. అయినను నేల వాలు అత్యల్ప మగుటచే, ఆ కొద్దిపాటి నీరు దిగినప్పుడే కనుచూపుమేర బురద బయటపడును. దూరమునుండి చూచువానికి అది బంజరు. గడ్డిపోచ లేదు, నీడ లేదు, ఎండకు మెరయుచు కుళ్లిన గుడ్ల కంపు కొట్టు నల్లని మట్టి.

దగ్గరగా వంగి చూచినప్పుడు ఆ బంజరు కదలుచున్నట్లు తోచును. నీరు దిగిన కొంతసేపటికి బురదపై పలుచని గోధుమరంగు తెర యొకటి పైకి తేలును. అది డయాటములను ఏకకణ శైవలముల సమూహము. నీరు తొలగి వెలుతురు సోకగానే అవి బురదరేణువుల నడుమనుండి పాకి పైకి వచ్చి, సూర్యరశ్మిని గ్రహించి, మరల పోటు వచ్చులోపల లోనికి దిగిపోవును. కంటి కాననంత చిన్నవి యగుటచే ఎవ్వరును వీనిని పంటగా నెంచరు గాని, ఈ పర్రకు ఇదియే పచ్చిక. దీనికి తోడు నది తెచ్చిన కుళ్లిన ఆకులును, మడచెట్లు రాల్చిన ఆకులును, వానిని జీర్ణము చేయు బాక్టీరియాయు కలవు. బురదరేణువు ఎంత సన్ననిదైన, నిర్ణీత పరిమాణమునకు రేణువుల ఉపరితలము అంత యెక్కువగును. ఆ తలములన్నింటిని అంటిపెట్టుకొని జీవించు బాక్టీరియా సంఖ్య ఒక ఘన సెంటీమీటరు బురదలో వంద కోట్లకు చేరును.

ఈ విందునకు మొదట వచ్చునది చిన్నపీత. మగపీతకు ఒక డెక్క శరీరమంత పెద్దది, రెండవది చిన్నది. ఆడుపీతకు రెండును చిన్నవే. పెద్దడెక్క తినుటకు పనికిరాదు. దానిని ఎత్తి ఊపుచు మగపీత ఆడుపీతను పిలుచును, తోడి మగవానిని బెదిరించును. తినుటకు మిగిలినది ఒక్క చిన్నడెక్కయే కనుక, ఆడుపీత రెండు చేతుల తినుచుండగా మగవాడు ఒంటిచేతితో రెట్టింపు సేపు శ్రమింపవలసివచ్చును. ఆడంబరమునకు ప్రకృతి వసూలుచేయు పన్ను కఠినమైనదే. చిన్నడెక్కతో పైపొర బురదను గిల్లి నోటికందించినంతనే, నోటిలోని సన్నని రోమములు దానిని నీటితో కలిపి జల్లించి, డయాటములను లోనికి పంపి, మిగిలిన మట్టిని ఆవగింజలంత ఉండలుగా చుట్టి బయట విడుచును. పాటు ముగియు వేళకు ప్రతి కన్నము చుట్టును ఇట్టి ఉండలు వందలకొలది, చుక్కల ముగ్గు వేసినట్లు పరచుకొనియుండును. పోటు శబ్దము వినబడుటకు ముందే పీత కన్నములోనికి దిగి, ఒక బురదముద్దతో వాకిలి మూసికొనును. నీరు వచ్చి ఉండలన్నింటిని తుడిచివేయును. మరునాడు మరల అదే పని.

పీతలకు తోడుగా కొమ్మువలె పొడవై కొస తేలిన నత్తలు ఇచ్చట లెక్కకు మిక్కిలి. ఒక్కొక్కటి పాకిన బాట బురదపై గీతగా నిలుచును. బాటలు పెనవేసికొనిన చోట్ల కాలు మోపుటకైనను నత్త లేని తావు వెదకవలెను. బురదలోపల, పైకి కనబడక, గుల్లలు కలవు. కాకినాడ అఖాతమున దొరకు ఒక జాతి గుల్లకు మన రక్తమునందువలెనే హీమోగ్లోబిన్ కలదు; విప్పినచో ఎర్రని నెత్తురు కారును. ప్రాణవాయువు కొరవడిన బురదలో బ్రతుకుటకు ఆ యెరుపు దానికి తోడ్పడుచున్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి కాకినాడ కేంద్రము ఈ గుల్లను గూర్చి విస్తారముగా పరిశోధించి, దానిని పెంచు ప్రయోగములును చేసినది. ఇచ్చటి గుల్లలను కాల్చి సున్నము చేయుటయు కలదు. కోవెలకుంట్ల రాయిని కాల్చినను సున్నమే వచ్చును, కాకినాడ గుల్లను కాల్చినను సున్నమే వచ్చును. మొదటిదానిలో జంతువు ప్రమేయము లేదు, రెండవది జంతువు కట్టుకొన్న యిల్లు. ఈ రెండు సున్నముల నడుమ జీవపరిణామ చరిత్ర సగము ఇమిడియున్నది.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనబడువానిలో మొదటి వరుసకు చెందినవి మాత్రమే. సముద్రపు టడుగున వసించు ప్రాణులకు బెంథాస్ అను సమష్టినామమును 1890లో జర్మను పండితుడు హెకెల్ పెట్టెను గాని, వానిని వైశాల్యము చొప్పున లెక్కించు పద్ధతిని స్థాపించినవాడు డెన్మార్కు దేశీయుడగు పీటర్సన్. ఇరువదవ శతాబ్ది ఆరంభమున, చేపలకు మేత ఎంత కలదో తెలిసికొనగోరి, ఆతడు నిర్ణీత వైశాల్యము గల బురదను అడుగునుండి కరచి పైకి తెచ్చు యంత్రము నుపయోగించి, అందలి ప్రాణులను జల్లెడ పట్టి, లెక్కించి, తూచెను. జల్లెడ కన్ను అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో యున్నచో మిగులునవి పురుగులు, గుల్లలు, రొయ్యజాతులు. కెనడాలోని ఫండీ అఖాతమున కొరోఫియం అను చిన్న రొయ్యజాతి ప్రాణులు ఒక చదరపు మీటరు బురదలో పదివేలకు పైగా నుండుట సాధారణము. జల్లెడ కన్నులోనుండి జారిపోవు ప్రాణులను గూర్చి చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు. 1942లో మాలీ మేర్ అను బ్రిటిషు పరిశోధకురాలు వానికొక ప్రత్యేక తరగతిని కల్పించెను. అందు ముఖ్యములైనవి నెమటోడులను సూత్రకృములు. ఒక చదరపు మీటరు బురదలో అవి పది లక్షలుండుట సామాన్యము, మంచి బురదలో అంతకు ఎన్నోరెట్లు. మన దేశమున ఈ విద్యకు ఆదిపీఠములలో నొకటి వాల్తేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో పి.ఎన్. గణపతియు, జి. చంద్రశేఖరరావును వాల్తేరు తీరపు ఇసుకరేణువుల సందులలో జీవించు సూక్ష్మజంతువులను పరిశోధించి 1962లో ప్రకటించిన వ్యాసము ఆ రంగమున తరచు స్మరింపబడుచుండును.

ఇన్ని ప్రాణులు ఒక్కచోట నుండుటకు ఆహార సమృద్ధి యొక్కటియే కారణమనుట చాలదు. ఆహార మున్నను ఊపిరి లేనిచో ప్రయోజన మేమి? బురద రేణువులు సన్ననివగుటచే వాని సందులలో నీరు కదలదు. పైపొరలోని బాక్టీరియా ప్రాణవాయువును ముందే వాడివేయును. అందుచే గోధుమరంగుగల పైపొర కొన్ని మిల్లీమీటర్ల మందముమాత్రమే. దాని క్రింద గంధకపు సమ్మేళనములతో నల్లబడిన విషపు మట్టి. జంతువు లేనినాడు బురద అట్లే యుండిపోవును. కాని పురుగు కన్నము తొలిచినప్పుడు, శరీరమును అలలవలె కదల్చుచు పై నీటిని లోనికి లాగికొనును. నీటితోపాటు ప్రాణవాయువును దిగును. ఒక కన్నమును నిలువుగా కోసి చూచినచో, నల్లని మట్టి నడుమ ఆ గొట్టము గోడ చుట్టును ఇనుపతుప్పు రంగు వలయము స్పష్టముగా కానవచ్చును. ఆ వలయమున వేరు బాక్టీరియా పెరుగును, వానిని తిను సూక్ష్మకృములు చేరును, ఆ కృములను తిను వేరొక పురుగు వచ్చును. ఒక్క ప్రాణి తన బ్రతుకు కొరకు తీసిన కన్నము వేయి ప్రాణులకు తావైనది. సంజామల సేద్యగాడు తొలకరికి ముందు గుంటక తోలి నేలను గుల్లచేయునట్లు, ఈ పురుగులు జీతము లేక, విరామము లేక బురదను దున్నుచున్నవి. ఐరోపాలోని వాడెన్ సముద్రతీరమున ఇసుకపురుగు దట్టముగా నున్నచోట్ల, జానెడు లోతునకు తగ్గని పొర యంతయు సంవత్సరమున కొకమారు దాని కడుపులోనుండి వెడలి వచ్చునని లెక్కలు కట్టిరి. వానపాముల సేద్యమును గూర్చి డార్విన్ తన చివరి గ్రంథమును 1881లో వ్రాసెను. సముద్రపు పురుగులకు అట్టి గ్రంథకర్త దొరకి యుండిన వాని కీర్తియు నంతే యగును.

ఇందుచేతనే కాకినాడ బురద గట్టిపడి రాయియైన నాడు, దానిలో నాపరాతి గీతలుండవు. పొర పడినంతనే దానిని కలిపివేయువారు లక్షలున్నారు. నాపరాయి అంత చక్కగా పలకలు విచ్చుట జంతువుల యనుపస్థితికి సాక్ష్యము. నేటి పర్ర యంత సారవంతమై యుండుట వాని యుపస్థితికి సాక్ష్యము. బురద జంతువులను పోషించుచున్నదని సాధారణముగా అందరు చెప్పుమాట. జంతువులే ఆ బురదను బురదగా చేయుచున్నవనుట యింకను నిజము.

అయితే సంఖ్యను చూచి మురిసిపోరాదు. పర్ర జీవితము కఠినము: మధ్యాహ్నపు పాటున బురద కాలిపోవును, ఉప్పు పేరుకొనును, వర్షకాలమున గోదావరి వరద వచ్చి ఉప్పునీటినంతను త్రోసివేసి వారములకొలది మంచినీటినే నిలుపును. ఈ మార్పులకు తాళజాలిన జాతులు కొద్ది. తాళినవానికి పోటీదారులు తక్కువ గనుక అవి అసంఖ్యాకముగా పెరుగును. చచ్చిన వాని స్థానమును వరద తగ్గిన పిమ్మట నీటిలో కొట్టుకొనివచ్చు పసిజీవులు నింపును. మాలిన్యమును ఇటువంటి వడపోతయే. విశాఖపట్టణపు ఓడరేవులోని బురదను పరిశీలించి ఎ.వి. రామన్, గణపతి 1983లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున చదువదగినది. మురుగు చేరుచోట జాతులు నశించి, కెపిటెల్లా వంటి ఒకటి రెండు జాతుల పురుగులు మాత్రము విపరీతముగా పెరుగును. కనుక, ఎన్ని కలవన్న ప్రశ్న వెంట ఎన్ని రకములు కలవన్న ప్రశ్న తప్పక వేయవలెను.

ఈ పురుగులపై ఆధారపడినవారు నీటిలోనే కాక ఆకాశమునను కలరు. సైబీరియా మంచుమైదానముల గూళ్లు పెట్టు ఉల్లంకిపిట్టలు శీతకాలమున వేల కిలోమీటర్లు ఎగిరివచ్చి కాకినాడ పర్రపై దిగును. ఒక్కొక్క జాతి ముక్కు ఒక్కొక్క పొడవు. ఏ లోతున నున్న పురుగు ఏ పక్షికి చెల్లునో ఆ ముక్కు పొడవే నిర్ణయించును. పైన చెప్పిన ఫండీ బురదపై ఆగస్టు మాసమున కొన్ని వారములు మేసిన చిన్న ఉల్లంకి, తన బరువును ఇంచుమించు రెట్టింపు చేసికొని, ఆ కొవ్వు బలముతోనే సముద్రముపై ఆగక దక్షిణ అమెరికాకు పోవును.

బురద ఊరక పుట్టదు. ఎవరి నేలయో కోసికొని రావలెను. కుందూ లోయలో తొలివానలకు కొట్టుకొనిపోవు నల్లరేగడి పెన్నలో కలిసి, సిద్ధవటము, సోమశిల, నెల్లూరు మీదుగా ఊటుకూరువద్ద సముద్రము చేరవలసినది. నేడు దానిలో చాలభాగము సోమశిల జలాశయపు అడుగున నిలిచిపోవుచున్నది. కృష్ణా గోదావరుల కథయు నదే. పైనుండి ఒండ్రు తగ్గుచుండ, ప్రక్కనుండి చేపల చెరువులును, ఓడరేవులును, మురుగును పర్రను ఆక్రమించుచున్నవి. ఉపగ్రహ చిత్రముల నాధారముగా 2019లో వెలువడిన ప్రపంచ పరిశీలన ప్రకారము భూమిపై ఇట్టి పోటుపాటు మైదానములు 1,27,921 చదరపు కిలోమీటర్లకు తగ్గకున్నవి. 1984నుండి 2016వరకు తగిన చిత్రములు లభించిన ప్రాంతములలో పదునారు శాతము నశించినవి. బంజరని వ్రాసికొన్న భూమి పోయినప్పుడు ఎవ్వరును ఫిర్యాదు చేయరు. ఆ వ్రాతయే తప్పు.

కాకినాడ వైపు పోవు పాఠకులు, ముఖ్యముగా సముద్ర మెరుగని మన సీమ విద్యార్థులు, అమావాస్య పున్నములకు మరునాటి లోతైన పాటువేళ చూచుకొని, అభయారణ్యపు హద్దులో నైనచో అటవీశాఖ అనుమతి తీసికొని, స్థానికుడగు పల్లెకారుని తోడుగా పిలుచుకొని పర్ర అంచున దిగవలెను. తోడు లేక లోనికి నడచుట ప్రమాదకరము. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు బురదను జానెడు లోతు తీసి, సన్నని జల్లెడలో సముద్రపు నీటితోనే కడిగి, మిగిలినవానిని తెల్లని పళ్లెములో పోసి లెక్కించి, జాతులవారీగా పుస్తకమున వ్రాసికొని, ప్రాణులను మరల ఆ చోటనే విడువవలెను.